బస్తర్ నుంచి కాక్‌పిట్‌కు: పైలట్ శిక్షణలో డబ్బు ఎక్కడ పోతుంది, ఎక్కడ మిగులుతుంది?

తునికాకు సీజన్‌లో బస్తర్ ఊళ్లలో జనం తెల్లవారకముందే అడవిలో ఉంటారు. 50 ఆకులు పేరిస్తే ఒక కట్ట. వెయ్యి కట్టలు అయితే ఒక స్టాండర్డ్ బ్యాగు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ బ్యాగు ధరను 2024లో 4,000 రూపాయల నుంచి 5,500కు పెంచింది.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు, అంటే సీపీఎల్ చేతికి రావడానికి అటూ ఇటూగా 50 లక్షల రూపాయలు అవుతాయి. తునికాకుల్లో చెప్పాలంటే అవి 909 బ్యాగులు. నాలుగున్నర కోట్ల ఆకులు.

ఇది చదివి ఇక్కడే ఆగిపోవాల్సిన పని లేదు. ఈ దారిలో నడిచి విమానం నడుపుతున్నవాళ్లు ఈ ప్రాంతానికి పక్కనే ఉన్నారు. వాళ్ల కథలను కాస్త దగ్గరగా చూస్తే ఫీజుల పట్టికలో కనిపించని ఒక ఖర్చు బయటపడుతుంది. డబ్బు ఆదా చేయడం గురించి మాట్లాడాలంటే ముందు దాని గురించే మాట్లాడాలి.

రెండు కథలు, ఒకే లెక్క

బస్తర్ డివిజన్‌లోని సుక్మా జిల్లాకు, ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాకు మధ్య శబరి నది పారుతుంది. అదే శబరి కిందికి వచ్చి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ మల్కన్‌గిరి నుంచి వచ్చిన ఆదివాసీ యువతి అనుప్రియ మధుమిత లక్రా 2019 సెప్టెంబర్‌లో దేశమంతటా వార్తల్లో నిలిచారు. ఇండిగోలో కో-పైలట్‌గా చేరబోతున్నారన్నది ఆ వార్త. తండ్రి ఒడిశా పోలీసు శాఖలో హవల్దారు. ఆమె ఇంజినీరింగ్ మధ్యలో వదిలేసి భువనేశ్వర్‌లోని ప్రభుత్వ విమానయాన శిక్షణ సంస్థలో చేరింది 2012లో. కుటుంబం అప్పులు చేసింది, బంధువులు చేయి కలిపారు.

హైదరాబాద్ పాతబస్తీకి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా తండ్రి బేకరీలో పనిచేసేవారు. సియాసత్ ఉర్దూ దినపత్రిక సంపాదకుడి సాయంతో ఆమె 2007లో ఏపీ ఏవియేషన్ అకాడమీలో చేరారు. సీపీఎల్ వచ్చింది 2013లో. అయినా ఉద్యోగం రాలేదు. మల్టీ ఇంజిన్ శిక్షణకు, ఎయిర్‌లైన్ విమానం నడపడానికి కావాల్సిన టైప్ రేటింగ్‌కు డబ్బు లేదు. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం సుమారు 36 లక్షల రూపాయలు మంజూరు చేస్తే గానీ ముందుకు కదల్లేదు.

ఒకరికి చేరినప్పటి నుంచి ఉద్యోగం దాకా ఏడేళ్లు. ఇంకొకరికి లైసెన్సుకే ఆరేళ్లు. శిక్షణ సంస్థల బ్రోషర్లలో మాత్రం ఈ కోర్సు 18 నుంచి 24 నెలలే.

ఆ మధ్య తేడాలోనే డబ్బు పోతుంది. నెలకు 15,000 రూపాయల హాస్టల్, భోజనం ఖర్చు అనుకుందాం. 40 లక్షల అప్పు 10.5 శాతం వడ్డీకి తెచ్చారనుకుందాం. ఒక్క ఏడాది ఆలస్యం అయితే బతకడానికి 1.8 లక్షలు, వడ్డీకి 4.2 లక్షలు. మొత్తం ఆరు లక్షలు. ఆ ఏడాదిలో ఒక్క గంట కూడా అదనంగా ఎగరకపోయినా ఈ ఆరు లక్షలు పోతాయి. హాస్టల్లో టీ మానేసి మిగిల్చేది దీని ముందు ఏ మూలకు?

కాబట్టి పైలట్ శిక్షణలో పొదుపు అంటే చాలావరకు కాలాన్ని పొదుపు చేయడమే. ఏ పని ముందు, ఏది తర్వాత అన్న క్రమం తప్పితే నష్టం లక్షల్లోనే ఉంటుంది.

గంట ఖరీదు ఎందుకంత?

సీపీఎల్‌కు డీజీసీఏ అడిగేది కనీసం 200 గంటల ఫ్లయింగ్. అందులో 100 గంటలు విద్యార్థే పైలట్ ఇన్ కమాండ్‌గా నడపాలి. దూర ప్రయాణాలు, రాత్రి ల్యాండింగులు, కేవలం పరికరాలు చూసి నడపడం, అన్నీ ఆ 200 లోపలే. ఎక్కువ స్కూళ్లు దీన్ని 185 గంటలు ఒకే ఇంజిన్ విమానం మీద, 15 గంటలు రెండు ఇంజిన్ల విమానం మీద అని విడగొడతాయి.

45 లక్షల ఫీజును 200తో భాగిస్తే గంటకు 22,500 రూపాయలు. నిమిషానికి 375. శిక్షణ విమానాల్లో చాలావాటికి కావాల్సిన ఏవ్‌గ్యాస్ అనే ప్రత్యేక పెట్రోలును మన దేశం చాలాకాలం పూర్తిగా దిగుమతి చేసుకుంది. ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో తయారుచేసిన దేశీయ ఏవ్‌గ్యాస్ 2022లోనే మార్కెట్లోకి వచ్చింది. విడిభాగాలు బయటి నుంచి రావాలి. ఇంజిన్‌ను సుమారు 2,000 గంటలకోసారి విప్పి ఓవర్‌హాల్ చేయాలి. బీమా, బోధకుడి జీతం, హ్యాంగర్ అద్దె, ఇవన్నీ ఆ గంటలోనే కలుస్తాయి.

అంటే కాక్‌పిట్‌లో కూర్చుని చెక్‌లిస్టు కోసం తడుముకుంటే, రేడియోలో ఏం మాట్లాడాలో ఆలోచిస్తూ పది నిమిషాలు గడిపితే, 3,750 రూపాయలు కరిగిపోయినట్టే. పల్లె నుంచి వచ్చిన విద్యార్థికి ఇక్కడే ఒక అదనపు భారం ఉంటుంది. ఇంట్లో గోండీయో హల్బీయో, బడిలో హిందీ, కోంటా వైపు అయితే బజారులో తెలుగు, ఇప్పుడు హెడ్‌సెట్‌లో మాత్రం ఇంగ్లిష్. కంట్రోలర్ చెప్పింది అర్థం కాక ఒక సర్క్యూట్ ఎక్కువ తిరిగితే ఆ బిల్లు కూడా విద్యార్థిదే.

దీనికి ఖర్చులేని మందు ఒకటి ఉంది. కాక్‌పిట్ బొమ్మను గోడకు అంటించి, కుర్చీలో కూర్చుని, ఇంజిన్ స్టార్ట్ నుంచి ల్యాండింగ్ దాకా ప్రతి పనినీ చేత్తో చూపిస్తూ, ప్రతి రేడియో మాటనూ పైకి అంటూ సాధన చేయడం. చెయిర్ ఫ్లయింగ్ అంటారు. చూసేవాళ్లకు నవ్వు రావచ్చు. అనుభవమున్న పైలట్లు కూడా కొత్త విమానానికి మారేటప్పుడు ఇదే చేస్తారు. బోధకుడు అనుమతిస్తే, తోటి విద్యార్థి ఎగిరేటప్పుడు వెనక సీట్లో కూర్చోవడం ఇంకో ఉచిత పాఠం.

మొదటి రూపాయి డాక్టర్‌కు

అడ్మిషన్ ఫీజు కట్టాక మెడికల్‌లో తప్పడం, ఈ రంగంలో అన్నిటికంటే బాధాకరమైన నష్టం. అందుకే మొదటి ఖర్చు క్లాస్ 2 వైద్య పరీక్ష. దీన్ని డీజీసీఏ గుర్తించిన డాక్టర్లే చేయాలి, హైదరాబాద్ లాంటి నగరాల్లో వాళ్లు ఉన్నారు. సీపీఎల్‌కు తర్వాత క్లాస్ 1 కావాలి. క్లాస్ 2 ముగిసిన వెంటనే క్లాస్ 1 కూడా పూర్తిచేసుకుని, ఆ తర్వాతే పెద్ద మొత్తం కట్టడం మంచిది. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన అనర్హత కాదు. రంగులు గుర్తించలేకపోవడం మాత్రం పెద్ద అడ్డంకి.

బస్తర్‌కు, మన ఏజెన్సీ జిల్లాలకు ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం సికిల్ సెల్. మధ్య భారతంలోని ఆదివాసీ సమాజాల్లో ఇది ఎక్కువ. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి అది ప్రమాదం. అయితే వ్యాధి వేరు, వ్యాధి లేకుండా ఒక జన్యువును మాత్రమే మోయడం వేరు. రెండోదాని మీద సొంతంగా తీర్పు చెప్పుకోకుండా ఏవియేషన్ మెడిసిన్ డాక్టర్‌నే అడగాలి. కేంద్రం 2023 జులైలో మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో స్క్రీనింగ్ ఉచితం. ఆ కార్డు ముందే చేతిలో ఉంటే, వందల కిలోమీటర్లు ప్రయాణించి, ఫీజు కట్టి, అక్కడ తెలుసుకోవాల్సిన పరిస్థితి రాదు.

రక్తహీనత కూడా అంతే. మందులు, తిండితో సరయ్యేదాన్ని ఆర్నెల్ల ముందే సరిచేసుకుంటే తాత్కాలిక అనర్హత అనే ముద్ర, దానితో పోయే నెలలు తప్పుతాయి.

పేపర్లు ఇంటి దగ్గరే

సీపీఎల్‌కు ఇంటర్‌లో భౌతికశాస్త్రం, గణితం ఉండాలి. ఆర్ట్స్ చదివినవాళ్లు ఆ రెండు సబ్జెక్టులను జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్ ద్వారా రాసుకోవచ్చు. దంతెవాడ జిల్లా గీదం దగ్గర జావంగాలో ఎడ్యుకేషన్ సిటీ ఉంది. ఆ జిల్లాలో సైన్స్ విద్యార్థులకు ఇంజినీరింగ్, మెడికల్ కోచింగ్ ఇచ్చే కార్యక్రమం పేరు 'ఛూ లో ఆస్మాన్', అంటే ఆకాశాన్ని అందుకో. పేరు పెట్టినవాళ్లకు పైలట్లు గుర్తొచ్చారో లేదో తెలియదు గానీ, ఫ్లయింగ్ స్కూల్ ప్రవేశ పరీక్షకు కావాల్సిన లెక్కలు, ఫిజిక్స్ అక్కడ చెప్పేవే.

ఇక డీజీసీఏ పేపర్లు. ఎయిర్ నావిగేషన్, వాతావరణ శాస్త్రం, ఎయిర్ రెగ్యులేషన్స్, విమాన సాంకేతిక పరిజ్ఞానం మీద సాధారణ, ప్రత్యేక పేపర్లు, వీటికి తోడు రేడియో లైసెన్సు పరీక్ష ఆర్‌టీఆర్. పాస్ కావాలంటే 70 శాతం రావాలి. వీటిని ఫ్లయింగ్ స్కూల్లో చేరాక, హాస్టల్ ఫీజు కడుతూ చదివేవాళ్లు చాలామంది. ఒక పేపర్ పోతే తర్వాతి విడత దాకా ఆగాలి. హాస్టల్ మీటర్ మాత్రం ఆగదు.

జగదల్‌పూర్‌లోనో కొత్తగూడెంలోనో ఇంటి దగ్గర కూర్చుని కనీసం రెగ్యులేషన్స్, వాతావరణం పూర్తిచేసి స్కూల్లో అడుగుపెడితే, నాలుగైదు నెలలు మిగులుతాయి. ఎయిర్ రెగ్యులేషన్స్‌కు ఆర్.కె. బాలి, వాతావరణానికి ఐ.సి. జోషి పుస్తకాలు భారతీయ విద్యార్థుల చేతుల్లో ఏళ్లుగా తిరుగుతున్నవే, పాత కాపీలు తేలిగ్గా దొరుకుతాయి. రెగ్యులేషన్స్‌కు మాత్రం కొత్త ఎడిషన్ కొనుక్కోవాలి, నిబంధనలు మారుతుంటాయి. ఇంకో జాగ్రత్త: పాసైన పేపర్లకు గడువు ఉంటుంది. డబ్బు ఎప్పుడు సమకూరుతుందో తెలియకుండా మరీ ముందుగా రాసేస్తే మళ్లీ రాయాల్సి వస్తుంది.

స్కూలును ఎంచుకునేటప్పుడు

జగదల్‌పూర్‌లో మా దంతేశ్వరి విమానాశ్రయం ఉంది. 2020 సెప్టెంబర్‌లో అలయన్స్ ఎయిర్ రాయ్‌పూర్, హైదరాబాద్‌లకు సర్వీసు మొదలుపెట్టాక అది ఊపిరి పోసుకుంది, 2024లో ఇండిగో కూడా వచ్చింది. కానీ అక్కడ ఫ్లయింగ్ స్కూల్ లేదు. నేర్చుకోవాలంటే బయటికి వెళ్లాల్సిందే. ఛత్తీస్‌గఢ్ సరిహద్దుకు దగ్గరగా మహారాష్ట్రలోని గోందియాలో ఎన్‌ఎఫ్‌టీఐ ఉంది. హైదరాబాద్‌లో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఫ్లయింగ్ స్కూళ్లకు చోటిచ్చిన విమానాశ్రయాల జాబితాలో కడప కూడా చేరింది. ఎయిర్ ఇండియా 2024లో ప్రకటించిన శిక్షణ సంస్థ అమరావతిలో అని చదివి సంబరపడ్డ తెలుగువాళ్లున్నారు. అది మహారాష్ట్ర అమరావతి.

ప్రభుత్వ రంగంలో పెద్దది ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఉన్న ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ, ఇగ్రువా. ఫీజు 45 లక్షల దరిదాపుల్లో ఉంటుంది, వాయిదాల్లో కట్టవచ్చు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్ ఉంది. ప్రవేశ పరీక్ష ఇంటర్ స్థాయిదే. రిజర్వేషన్ సీటు ఇస్తుంది, ఫీజు తగ్గించదు, ఈ తేడా దరఖాస్తు చేసే ముందే తెలుసుకోవాలి.

స్కూలుకు ఫోన్ చేసి ఫీజు ఎంత అని అడిగేవాళ్లే ఎక్కువ. అడగాల్సిన ప్రశ్న వేరు. గత ఏడాది ఇక్కడ చేరినవాళ్లు ఇప్పుడు సగటున ఎన్ని గంటల దగ్గర ఉన్నారు? ఈ రోజు ఎగరగలిగే స్థితిలో ఉన్న విమానాలు ఎన్ని, వాటికి విద్యార్థులు ఎంతమంది, బోధకులు ఎంతమంది? పది విమానాల ఫొటో పెట్టి, నాలుగు హ్యాంగర్లో విడిభాగాల కోసం ఎదురుచూస్తుంటే, ఆ చవక ఫీజు చవక కాదు. ఐదు లక్షలు తక్కువ తీసుకునే స్కూలు మిమ్మల్ని ఏడాది కూర్చోబెడితే, పైన చూసిన లెక్క ప్రకారం లక్ష నష్టమే. స్కూలు గేటు బయట టీకొట్టు దగ్గర విద్యార్థులను అడిగితే, ఆఫీసు గదిలో దొరకని జవాబులు దొరుకుతాయి.

డీజీసీఏ 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు ఏడాదికి రెండుసార్లు ర్యాంకింగ్ ఇస్తోంది. మొదటి జాబితాలో పై రెండు శ్రేణుల్లో ఒక్క స్కూలు కూడా లేదు. మిగతా రెండింటిలో ఏది ఎక్కడుందో చూసుకోవడం ఉచితమే.

వాతావరణం కూడా డబ్బే. మధ్య భారతంలో వానాకాలం ఫ్లయింగ్ మందగిస్తుంది. ఉత్తరాదిన డిసెంబర్, జనవరి పొగమంచు. ఇగ్రువా తన శిక్షణను గోందియా, కలబురగిల నుంచి కూడా నడిపించింది. జూన్‌లో చేరి మొదటి నాలుగు నెలలు వాన చూస్తూ కూర్చోవడం కంటే, ఆ వానాకాలం ఇంట్లో పేపర్లు పూర్తిచేసి అక్టోబర్‌లో చేరడం మేలు.

ఇక జీఎస్టీ. 2024 సెప్టెంబర్‌లో జరిగిన 54వ జీఎస్టీ మండలి సమావేశం, డీజీసీఏ ఆమోదించిన సంస్థలు నడిపే ఆమోదిత ఫ్లయింగ్ కోర్సులకు జీఎస్టీ వర్తించదని స్పష్టం చేసింది. డీజీసీఏ కోర్సు పూర్తి ధ్రువపత్రం అడిగే కోర్సులకు ఇది. 45 లక్షల మీద 18 శాతం అంటే 8.1 లక్షలు. ఎవరైనా కొటేషన్‌లో 'జీఎస్టీ అదనం' అని రాస్తే, అది దేనికి, ఏ నిబంధన కింద అని రాతపూర్వకంగా అడగాలి. ఈ మొత్తం వ్యాసంలో ఒకే ఒక్క ఉత్తరంతో ఇంత డబ్బు మిగిలే చోటు ఇంకోటి లేదు.

ఫీజు ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటే తొందరపడొద్దు. ఎగిరిన గంటలను బట్టి వాయిదాలు కట్టే ఒప్పందం, మధ్యలో మానేస్తే తిరిగిచ్చే లెక్క, ఈ రెండూ కాగితం మీద ఉండాలి. స్కూలు మూతపడితే, మెడికల్ పోతే, ముందే కట్టిన డబ్బును తిరిగి తెచ్చుకోవడం హవల్దారు కుటుంబానికో బేకరీ కార్మికుడికో అయ్యే పని కాదు.

అమెరికా, దక్షిణాఫ్రికా లాంటి చోట్ల 200 గంటలు త్వరగా పూర్తవుతాయన్నది నిజమే. వీసా, ప్రయాణం, డాలర్ రేటు, తిరిగొచ్చాక లైసెన్సును భారతీయ లైసెన్సుగా మార్చుకోవడానికి రాయాల్సిన పేపర్లు, ఎగరాల్సిన పరీక్షలు కలిపి చూస్తే ఆ తేడా తగ్గిపోతుంది. డబ్బు బొటాబొటిగా ఉన్న ఇంటికి డాలర్ మీద జూదం మంచిది కాదని నా అభిప్రాయం.

అప్పు: భూమి ఉన్నా హామీ లేదు

ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ నమూనా విద్యారుణ పథకంలో డీజీసీఏ ఆమోదించిన పైలట్ శిక్షణ ఉంది. ఇబ్బంది హామీ దగ్గర వస్తుంది. 7.5 లక్షలు దాటితే బ్యాంకు ఆస్తి హామీ అడుగుతుంది.

బస్తర్‌లో ఆదివాసీ కుటుంబానికి ఐదెకరాలు ఉండొచ్చు. కానీ ఛత్తీస్‌గఢ్ భూ రెవెన్యూ కోడ్ ప్రకారం ఆ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. మన ఏజెన్సీలో 1 ఆఫ్ 70 చట్టం లాగే. అప్పు మొండిబారితే బయటివాళ్లకు అమ్మడం కుదరదు కాబట్టి బ్యాంకులు ఆ భూమిని హామీగా తీసుకోవడానికి వెనకాడతాయి. ఈ చట్టాలను తప్పుపట్టడానికి ఇది కారణం కాదు. అవి లేకపోతే ఆ ఐదెకరాలు ఎప్పుడో చేతులు మారేవి. అయితే నగరంలో ఫ్లాటు ఉన్న కుటుంబానికి ఒక్క సంతకంతో వచ్చే రుణం, పొలం ఉన్న కుటుంబానికి రాదు. మల్కన్‌గిరి హవల్దారు కుటుంబం బంధువుల ముందు చేయి చాచాల్సి రావడం వెనుక ఇలాంటి అసమానతే ఉంది.

దీనికి పూర్తి మందు లేదు, కొన్ని ఆసరాలున్నాయి. జాతీయ షెడ్యూల్డ్ తెగల ఆర్థికాభివృద్ధి సంస్థ ఆదివాసీ విద్యార్థులకు 10 లక్షల వరకు 6 శాతం వడ్డీకి రుణం ఇచ్చే పథకం నడుపుతోంది. కేంద్రం సొమ్ముతో రాష్ట్రాలు ఇచ్చే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కమర్షియల్ పైలట్ లైసెన్సు కోర్సు మొదటి గ్రూపులోనే ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు తల్లిదండ్రుల వార్షికాదాయం 2.5 లక్షల లోపు ఉండాలి. చాలామందికి ఈ సంగతే తెలియదు, కొన్నిసార్లు కింది స్థాయి ఆఫీసుల్లో కూడా. ఛత్తీస్‌గఢ్‌లో జిల్లా ఆదివాసీ అభివృద్ధి శాఖ ఆఫీసులో, తెలుగు రాష్ట్రాల్లో అయితే ఐటీడీఏలో, అడ్మిషన్‌కు ముందే దరఖాస్తు ఇచ్చి, ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. స్కాలర్‌షిప్ వస్తుందన్న నమ్మకంతో వాయిదా తేదీ ఒప్పుకుని, అది రాక ఫ్లయింగ్ ఆగిపోతే మళ్లీ అదే కథ, ఆలస్యం, వడ్డీ.

పీఎం విద్యాలక్ష్మి అనే పేరు విని మోసపోవద్దు. హామీ లేకుండా రుణమిచ్చే ఆ పథకం ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలకే. మీ ఫ్లయింగ్ స్కూల్ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా లెక్కలో వేసుకోకూడదు. అన్ని బ్యాంకులకూ ఒకేచోట దరఖాస్తు చేసే విద్యాలక్ష్మి పోర్టల్ దానికంటే పాతది, వేరేది.

రుణం మంజూరయ్యాక మొత్తం ఒకేసారి విడుదల చేయించుకోవద్దు. తీసుకున్న దానికే వడ్డీ పడుతుంది. శిక్షణ కాలంలో వడ్డీ కట్టకపోయినా ఫర్వాలేదంటారు, అది నిజమే, కానీ పేరుకుంటుంది. 40 లక్షల మీద 10.5 శాతంతో మూడేళ్లు వదిలేస్తే అప్పు 52.6 లక్షలవుతుంది. 15 ఏళ్ల ఈఎంఐ నెలకు 58 వేలు. వడ్డీని ఎప్పటికప్పుడు కట్టుకుంటూ వస్తే అదే ఈఎంఐ 44 వేల చిల్లర. అయితే నెలకు 35 వేల వడ్డీ కట్టగలిగే ఇల్లు బస్తర్‌లో ఎన్ని ఉంటాయి? అంత కాకపోయినా, అన్నదమ్ముల్లో ఎవరికైనా జీతం ఉంటే ఆ పదివేలు సామాన్లకు కాకుండా వడ్డీకి పోవడం మంచిది.

ఎక్కడ పొదుపు చేయకూడదు

హెడ్‌సెట్ సెకండ్‌హ్యాండ్ కొనుక్కోవచ్చు. గది పంచుకోవచ్చు. సీనియర్ల యూనిఫాం వేసుకోవచ్చు. తిండి, నిద్ర తగ్గించుకోకూడదు. ఖాళీ కడుపుతో, మూడు గంటల నిద్రతో కాక్‌పిట్ ఎక్కితే ఆ గంట నేర్చుకున్నది నిలవదు, మళ్లీ అదే పాఠానికి ఇంకో 22 వేలు. అంతకు మించిన ప్రమాదం సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకో రకం పొదుపు ఉంది. దాని పేరు పొదుపు కాదు. ఎగరకుండానే లాగ్‌బుక్‌లో గంటలు రాసుకోవడం. 2011లో ఇలాంటి నకిలీ గంటలు, నకిలీ మార్కుల జాబితాలు బయటపడి దేశంలో పైలట్లు అరెస్టయ్యారు, లైసెన్సులు రద్దయ్యాయి. ఎవరైనా 'కొన్ని గంటలు సర్దుబాటు చేస్తాం, సగం కట్టండి' అంటే అక్కడి నుంచి లేచి రావడమే. కుటుంబం మొత్తం అప్పు చేసి పెట్టిన పెట్టుబడి ఆ ఒక్క అబద్ధపు పేజీ మీద కూలిపోతుంది.

లైసెన్సు వచ్చాక కూడా ఖర్చు ఉంది

సీపీఎల్ ఉన్నంత మాత్రాన ఎయిర్‌బస్ ఏ320 నడపలేరు. దానికి టైప్ రేటింగ్ కావాలి, అది మరో 15 నుంచి 25 లక్షలు. సల్వా ఫాతిమా ఆగిపోయింది ఇక్కడే. మొదటి రోజు వేసుకునే బడ్జెట్‌లో ఈ గీత లేకపోతే ఆ బడ్జెట్ సగమే. అయితే ఉద్యోగ సూచన ఏమీ లేకుండా ఈ డబ్బు ముందే పెట్టేయడం కూడా తెలివైన పని కాదు. ఏ కంపెనీ ఏ విమానానికి మనుషులను తీసుకుంటుందో చూసి పెట్టాలి. కొన్ని కంపెనీలు తామే శిక్షణ ఇచ్చి బాండు రాయించుకుంటాయి.

డీజీసీఏ 2023లో 1,622 కమర్షియల్ పైలట్ లైసెన్సులు ఇచ్చింది. ఆ ఏడాదే మే నెలలో గో ఫస్ట్ ఎగరడం ఆపేసింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగింది. అలాంటి ఏడాదిలో కొత్త లైసెన్సుతో బయటికొచ్చినవాళ్లు వేల గంటల అనుభవమున్న పైలట్లతో పోటీ పడాల్సి వచ్చింది. బ్యాంకు గడువు కోర్సు తర్వాత ఏడాది. ఆ ఏడాది దాటాక ఈఎంఐ మొదలవుతుంది, ఉద్యోగం వచ్చినా రాకపోయినా. ఆ నిరీక్షణలో మెడికల్ రెన్యూ చేయించాలి, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ నిలబెట్టుకోవాలి, చేయి మరచిపోకుండా అప్పుడప్పుడూ ఎగరాలి. మూడు నాలుగు లక్షలు ఈ కాలానికని విడిగా ఉంచుకోవాలి, శిక్షణలో ఎంత ఇరుకున పడ్డా ముట్టుకోకుండా. 'నూటికి నూరు శాతం ఉద్యోగం' అనే పోస్టర్‌కు ఇచ్చే డబ్బు కంటే ఈ మూడు లక్షలే ఎక్కువ పనికొస్తాయి.

డబ్బు కట్టకుండా ఎగిరే దారి

ఇదంతా చదివాక కూడా ఇంటి లెక్క కుదరని విద్యార్థులు ఉంటారు, బస్తర్‌లో వాళ్లే ఎక్కువ. వాళ్లకు చెప్పాల్సింది వైమానిక దళం గురించి. వయసు పదహారున్నర దాటాక, పందొమ్మిదిన్నర లోపు ఎన్‌డీఏ పరీక్ష రాయవచ్చు. ఇంటర్‌లో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం ఉండాలి. పరీక్ష ఏడాదికి రెండుసార్లు, ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ ఉంటుంది, రాయ్‌పూర్, హైదరాబాద్, విశాఖల్లో కేంద్రాలున్నాయి. అమ్మాయిలను 2022 నుంచి తీసుకుంటున్నారు. డిగ్రీ అయ్యాక రాసే ఏఎఫ్‌క్యాట్ ద్వారా 14 ఏళ్ల షార్ట్ సర్వీస్‌లో చేరే దారీ ఉంది. మెడికల్ కఠినం, ఎంపికయ్యేవారు తక్కువ, సైనిక జీవితం అందరికీ నప్పదు. ఉద్యోగం కూడా ఎయిర్‌లైన్ పైలట్‌ది కాదు.

కానీ ఇక్కడ ఎగరడానికి విద్యార్థి గంటకు 22,500 కట్టడు. చివరి దశ శిక్షణలో నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ అతనికే ఇస్తారు. దరఖాస్తు రుసుము 100 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు, అమ్మాయిలకు అదీ లేదు.